ఎండ ఉన్నప్పుడే మోటార్ నడవాలి: ఇంటి సోలార్‌కి ఎమ్‌హాస్ పెట్టుకోవడం

వనస్థలిపురంలో మా ఇంటి మీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు ఎక్కించిన కొత్తలో నాకు ఒక వింత టెన్షన్ పట్టుకుంది. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, డాబా మీద కాలు పెట్టలేనంత ఎండ. ఇన్వర్టర్ యాప్ చూస్తే ప్యానెళ్లు ఇస్తున్నది 400 వాట్లు. ప్యానెళ్లు పాడైనవే అంటగట్టారేమో అనుకున్నాను. వచ్చిన ఎలక్ట్రీషియన్ అన్న ఏమీ విప్పలేదు, నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్లి గీజర్ స్విచ్ వేసి యాప్ చూడమన్నాడు. నిమిషంలో 400 కాస్తా 2,400 అయింది.

విషయం ఏంటంటే మాకు అప్పటికి నెట్ మీటర్ (మిగిలిన కరెంట్ గ్రిడ్‌కి పోతే దాన్ని కూడా లెక్కగట్టే మీటర్) రాలేదు. మీటర్ ఇంకా మా మామయ్యగారి పేరు మీదే ఉంది, ఆ పేరు మార్పించే పని నేనే బద్ధకించి నెలలు సాగదీశాను. అప్పటిదాకా ఇన్వర్టర్‌ని జీరో ఎక్స్‌పోర్ట్‌లో పెట్టారు. అంటే బయటికి ఒక్క యూనిట్ కూడా పోకూడదు కాబట్టి, ఇంట్లో ఎంత వాడుతున్నామో అంతవరకే ఇన్వర్టర్ ప్యానెళ్ల నుంచి లాగుతుంది, మిగతా ఎండ వృథాయే. మా ఇంట్లో బరువైన పనులన్నీ తెల్లారకముందే అయిపోతాయి: అత్తమ్మ 5:30కి బోర్ మోటార్ వేస్తారు, ఆరింటికి గీజర్, ఏడు లోపు వాషింగ్ మెషిన్. ఎండ వచ్చేసరికి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, టీవీ తప్ప ఏమీ మిగలవు.

ఈ పనుల్ని ఎండలోకి జరిపే లెక్క వేసే సాఫ్ట్‌వేరే ఎమ్‌హాస్ (EMHASS). హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ పక్కన కూర్చుని పనిచేస్తుంది. రేపు ఏ గంటకి ఎంత ఎండ, ఇంటికి ఎంత కరెంట్ కావాలి, ఏ గంటకి యూనిట్ ఎంత అన్నవి తీసుకుని, లీనియర్ ప్రోగ్రామింగ్‌తో (ఇంటర్‌లో గ్రాఫ్ గీసి చేసిన లెక్కే, కాస్త పెద్దది) మోటార్ ఎప్పుడు, గీజర్ ఎప్పుడు, బ్యాటరీ ఎప్పుడు అని టైమ్‌టేబుల్ ఇస్తుంది. పైసా ఖర్చు లేదు, ఎమ్ఐటీ లైసెన్స్, రకరకాల దేశాల వాళ్లు ఖాళీ టైమ్‌లో రాస్తున్నది. అందుకే కాస్త ఓపిక కావాలి కూడా.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి, ఇది మీకు అవసరమా? నెట్ మీటర్ ఉండి బ్యాటరీ లేకపోతే డబ్బు పరంగా పెద్దగా ఒరిగేది లేదు. మధ్యాహ్నం గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్, పొద్దున వాడుకున్న యూనిట్ ఒకదానికొకటి చెల్లిపోతాయి, మోటార్ ఎప్పుడు వేస్తే ఏంటి? ఎండ మిగిలినప్పుడు మోటార్ నడిస్తే చాలు అనుకుంటే, 'ఎక్స్‌పోర్ట్ 1,700 వాట్లు దాటి ఐదు నిమిషాలు ఉంటే మోటార్ ఆన్' అని హోమ్ అసిస్టెంట్‌లో ఒక్క ఆటోమేషన్ రాసుకుంటే అయిపోతుంది, ఈ గోలంతా వద్దు. జీరో ఎక్స్‌పోర్ట్ వాళ్ల సంగతి వేరు. మీ దగ్గర మిగులు ఉన్నా అది ఏ మీటర్‌లోనూ కనిపించదు, నాకు 400 కనిపించినట్టు ఇంట్లో వాడినంతే కనిపిస్తుంది. కనిపించనిదాన్ని చూసి మోటార్ వేసే ఆటోమేషన్ ఎలా రాస్తారు? వాతావరణం నుంచి అంచనా కట్టాల్సిందే, ఎమ్‌హాస్ చేసేది అదే. బ్యాటరీ ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. ఇంకొక రకం ఇళ్లు కూడా ఉన్నాయి, వీధిలో అందరికీ సోలార్ ఉండి మధ్యాహ్నం వోల్టేజ్ పెరిగి ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంటుంది, అలాంటి చోట ఎండలో లోడ్ వేసుకుంటే కాస్త తగ్గుతుంది.

సరే, పెట్టుకుందాం అనుకున్నారు. రాస్ప్‌బెర్రీ పై 4 లేదా 5, 4 జీబీ ర్యామ్‌ది, లేదా పాత మినీ పీసీ. నేను సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ మినీ పీసీ తెచ్చాను. రాస్ప్‌బెర్రీ పై అయితే మెమరీ కార్డ్ మీద కాకుండా ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, రోజంతా రాస్తూనే ఉంటుంది కాబట్టి కార్డులు ఎక్కువ కాలం బతకవు. దాన్ని, వైఫై రూటర్‌ని కలిపి యూపీఎస్ మీద పెట్టండి. హోమ్ అసిస్టెంట్ ఓఎస్ ఎక్కించి, ఫోన్ బ్రౌజర్‌లో హోమ్ అసిస్టెంట్ డాట్ లోకల్, పోర్ట్ 8123 తెరిస్తే అదే అన్నీ అడుగుతుంది. లొకేషన్, టైమ్ జోన్ మాత్రం హడావుడిగా దాటేయకండి.

తర్వాత ఇన్వర్టర్‌ని కలపాలి. వైఫై స్టిక్ ద్వారా కంపెనీ క్లౌడ్ నుంచి తీసుకోవచ్చు, కానీ నెట్ పోతే అదీ పోతుంది, అప్‌డేట్ కూడా ఐదు నిమిషాలకోసారి వస్తుంది. చాలా ఇన్వర్టర్లకి అడుగున ఆర్ఎస్ 485 పోర్ట్ ఉంటుంది, దానికి రెండు తీగలు వేసి యూఎస్‌బీ కన్వర్టర్‌తో మోడ్‌బస్‌లో (ఇలాంటి పరికరాలు అంకెలు చెప్పుకునే భాష) చదవడం నయం. కన్వర్టర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఇన్వర్టర్ మూత విప్పే ముందు వారంటీ సంగతి మీ ఇన్‌స్టాలర్‌ని అడగండి. మొదట్లో చదవడం వరకే పెట్టుకోండి, మోడ్‌బస్‌లో ఇన్వర్టర్ సెట్టింగ్స్ రాసే జోలికి అస్సలు పోవద్దు.

ఇక అసలు పని సెన్సార్లు. నన్నడిగితే మొత్తం సెటప్‌లో ముప్పావు వంతు ఇక్కడే ఉంది, ఇది తప్పయితే మిగతాది ఎంత బాగా చేసినా వృథా. ఎమ్‌హాస్‌కి ముఖ్యంగా రెండు అంకెలు కావాలి. ఒకటి ప్యానెళ్ల పవర్. రెండోది ఇంటి లోడ్, కానీ మొత్తం లోడ్ కాదు, మనం జరపాలనుకుంటున్న మోటార్, గీజర్ లాంటివి తీసేసిన లోడ్. ఆ సెట్టింగ్ పేరులోనే 'నో వార్ లోడ్స్' (వార్ అంటే వేరియబుల్, అంటే మనం జరిపే లోడ్‌లు లేకుండా) అని ఉంటుంది, నేను దాన్ని పట్టించుకోకుండా మొత్తం లోడ్ ఇచ్చేశాను. ఏమైందంటే, నిన్న మోటార్ నడిచిన గంటని అది ఇంటి మామూలు వాడకం అనుకుంది, దాని పైన ఇంకోసారి మోటార్‌ని కలిపింది, అంటే లెక్కలో మా ఇంట్లో రెండు బోర్లు. దీనికి హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లోని హెల్పర్స్‌లో ఒక టెంప్లేట్ సెన్సార్ (వేరే సెన్సార్ల నుంచి లెక్క కట్టే సెన్సార్) చేసుకోవాలి: మొత్తం లోడ్ నుంచి మోటార్ పవర్, గీజర్ పవర్ తీసేస్తే మిగిలేది. మోటార్ ఎంత తాగుతుందో ప్లేట్ చూసి వేయకండి. 1.5 హెచ్‌పీ అంటే 1,119 వాట్లే, కానీ అది మోటార్ చేసే పని లెక్క, కరెంట్ లాగేది అంతకంటే ఎక్కువ. తీగ చుట్టూ బిగించే సీటీ క్లాంప్ పెట్టి చూస్తే మాది 1,600 చూపించింది.

యూనిట్లు కూడా చూసుకోండి. ఎమ్‌హాస్‌కి వాట్లు కావాలి. కొన్ని ఇన్వర్టర్లు కిలోవాట్లలో ఇస్తాయి, 0.8 అని. అప్పుడు మీ ఇల్లంతా కలిపి 0.8 వాట్లు వాడుతోందని నమ్ముతుంది, మన ఇంట్లో ఫోన్ ఛార్జర్ కూడా అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. గుర్తులు కూడా చూడాలి, గ్రిడ్ నుంచి తీసుకుంటే మైనస్, ఇస్తే ప్లస్ అని చూపించే మీటర్లున్నాయి, వాటి నుంచి లోడ్ లెక్క కడితే అంతా తిరగబడుతుంది. గీజర్ వేసి చూడండి, లోడ్ 2,000 పెరిగిందా? ఆపండి, తగ్గిందా? ఈ చిన్న టెస్ట్‌కి మించింది లేదు.

ఇంకో తలనొప్పి రాత్రిళ్లది. బ్యాటరీ లేని ఇన్వర్టర్ చాలావరకు పొద్దుగూకగానే నిద్రపోతుంది, దాంతో ప్యానెల్ సెన్సార్ సున్నా అనకుండా 'అన్‌అవైలబుల్' అంటుంది. ప్యానెల్ ప్లస్ గ్రిడ్ అని లోడ్ లెక్క కట్టి ఉంటే అది కూడా రాత్రంతా అన్‌అవైలబుల్, ఎమ్‌హాస్‌కి సగం రోజు డేటా ఉండదు. టెంప్లేట్‌లోనే 'లేకపోతే సున్నా' అని రాసుకోండి. ఎమ్‌హాస్ సెట్టింగ్స్‌లో కూడా ఖాళీల్ని సున్నాతో నింపే సెన్సార్ల జాబితా ఒకటుంటుంది, అందులో ప్యానెల్ సెన్సార్ పెట్టండి. ఇదంతా అయ్యాక రెండు మూడు రోజులు ఏమీ చేయకండి. మామూలుగా అది వెనక్కి రెండు రోజుల డేటా అడుగుతుంది, ఈరోజు సెన్సార్ చేసి ఈరోజే నొక్కితే ఎర్రర్ తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు హోమ్ అసిస్టెంట్ యాడ్-ఆన్ స్టోర్‌లో (కొత్త వెర్షన్లలో యాడ్-ఆన్‌లని 'యాప్స్' అంటున్నారు) పైన మూడు చుక్కలు నొక్కి, రిపాజిటరీల్లో ఎమ్‌హాస్ యాడ్-ఆన్ గిట్‌హబ్ అడ్రస్ పేస్ట్ చేసి ఇన్‌స్టాల్ చేయండి. సెట్టింగ్స్ పేజీ తెరవగానే నలభై గడులు చూసి కంగారు పడొద్దు, సగం ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకోవాల్సినవి మాత్రం తప్పకుండా ముట్టుకోండి, ఎందుకంటే ముందే నింపి ఉన్న అంకెలు మనవి కావు. ప్యానెళ్ల వాలు 30 డిగ్రీలు, దిక్కు 205 అని ఉంటుంది. ఇక్కడ దిక్కు లెక్క ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, మన ప్యానెళ్లు చాలావరకు దక్షిణం వైపుకి, సుమారు 15 డిగ్రీల వాలుతో ఉంటాయి. మీ డాబా మీద ఎలా ఉందో ఫోన్‌లో కంపాస్ పెట్టి చూసి వేయండి. వాతావరణానికి ఓపెన్-మీటియో ఎంచుకుంటే ఏ కీ అక్కర్లేదు. లోడ్ అంచనాకి మొదట్లో 'నైవ్' పెట్టండి, అంటే నిన్నటి వాడకమే రేపూ అనుకుంటుంది. ఆదివారం చుట్టాలొచ్చి రెండు ఏసీలు నడిస్తే సోమవారం కూడా చుట్టాలున్నట్టే లెక్క వేస్తుంది, అదొక్కటి భరించాలి. మెషిన్ లెర్నింగ్ మోడల్ ఒకటుంది, దానికి చాలా రోజుల డేటా కావాలి, ఇప్పుడే వద్దు.

రేట్ల దగ్గర కాస్త ఆగాలి. ముందే ఉన్న రేట్లు యూరోల్లో, పీక్, ఆఫ్-పీక్ గంటలతో ఉంటాయి, ఆ పద్ధతి పేరులోని హెచ్‌పీ (పీక్ గంటలు, మోటార్ హెచ్‌పీ కాదు), హెచ్‌సీ (ఆఫ్-పీక్ గంటలు) కూడా ఫ్రెంచ్ మాటలకే పొట్టి రూపాలు. మన ఇంటి బిల్లు గంటల మీద కాదు, శ్లాబుల మీద. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200కి యూనిట్ 5.10 రూపాయలు, 300 దాకా 7.70, 400 దాకా 9, ఆపైన 800 దాకా 9.50. నెల మొత్తం వాడకాన్ని బట్టి రేటు మారే ఈ శ్లాబు గొడవ ఎమ్‌హాస్‌కి అర్థం కాదు. కాబట్టి నేను చేసింది ఏంటంటే, మా బిల్లు మామూలుగా ఏ శ్లాబులో ఆగుతుందో చూసుకున్నాను, 9 రూపాయలు. మనం మిగిల్చే ఆఖరి యూనిట్ విలువ అదే కాబట్టి పీక్‌కీ ఆఫ్-పీక్‌కీ అదే అంకె వేశాను. అమ్మే రేటు సున్నా. జీరో ఎక్స్‌పోర్ట్ అంటే అమ్మకమే లేదు కదా.

నెట్ మీటర్ ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు (మీటర్ వచ్చాక నేనూ పడ్డాను). కొనే రేటు 9, అమ్మే రేటు 9 అని వేశారనుకోండి, దానికి ఏ గంటైనా ఒకటే. ఏ టైమ్‌కి వేసినా ఖర్చు సమానం కాబట్టి రాత్రి రెండింటికి మోటార్ వేయమంటుంది, అది తప్పు కూడా కాదు. అమ్మే రేటు కొంచెమైనా తక్కువ వేస్తేనే ఎండవైపు మొగ్గుతుంది. కేంద్రం 2023లో మార్చిన నియమాల్లో సోలార్ గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని ఉంది, ఆ పద్ధతి మన ఇళ్ల బిల్లుల్లోకి వచ్చిన రోజు ఈ గడులకి అసలు విలువ వస్తుంది.

గ్రిడ్ నుంచి తీసుకోగలిగే గరిష్ఠ పవర్ 9,000 అని ఉంటుంది, దాన్ని మీ బిల్లు మీదున్న కాంట్రాక్టెడ్ లోడ్‌కి తగ్గించండి. మాది 5 కిలోవాట్లు, 5,000 వేశాను, అప్పుడు గీజర్, మోటార్, ఏసీ ఒకేసారి పడకుండా అదే చూసుకుంటుంది. జరిపే లోడ్‌లు రెండు పెట్టాను: మోటార్ 1,600 వాట్లు, గీజర్ 2,000. రెండూ ఉంటే ఆన్ లేకపోతే ఆఫ్ అని చెప్పే టిక్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే మోటార్‌ని 700 వాట్ల దగ్గర నడపమంటుంది.

'డే-ఎహెడ్' (రాబోయే ఒక రోజుకి ప్లాన్) బటన్ నొక్కితే గ్రాఫ్ వస్తుంది. 'ఆప్టిమల్' (లెక్క కుదిరింది) అని వచ్చిందని సంబరపడకుండా ముందు ప్యానెళ్ల గీత శిఖరం ఎక్కడుందో చూడండి. మనకి సూర్యుడు నడినెత్తిన ఉండేది సుమారు 12:15కి. మీ గ్రాఫ్‌లో శిఖరం 6:45 దగ్గరుంటే ప్యానెళ్లది తప్పు కాదు, టైమ్ జోన్ యూటీసీలో (లండన్ గ్రీన్‌విచ్ టైమ్) ఉండిపోయింది, అయిదున్నర గంటల తేడా. హోమ్ అసిస్టెంట్ ఓఎస్ కాకుండా డాకర్‌లో (మామూలు కంప్యూటర్ మీద ఒక్కో సాఫ్ట్‌వేర్‌ని విడి డబ్బాలో నడిపే పద్ధతి) పెట్టుకున్నవాళ్లకి ఇది బాగా తగులుతుంది. 'ఇన్‌ఫీజిబుల్' అని వస్తే మీరు అడిగినవన్నీ ఒకేసారి కుదరవని అర్థం. ఎక్కువసార్లు కారణం అమ్మే పవర్ పరిమితిని సున్నా చేయడమే, పైనున్న ఎండ ఎక్కడికి పోవాలో దానికి తెలియదు. కర్టైల్‌మెంట్ (మిగిలిన ఎండని వాడకుండా వదిలేయడం) ఆప్షన్ ఆన్ చేయండి, లేదా పరిమితిని వదిలేసి నాలాగా రేటు మాత్రం సున్నా పెట్టండి.

ఒక వారం దేన్నీ ఆటోమేటిక్ చేయకుండా గ్రాఫ్ చూస్తూ ఉండండి. గ్రాఫ్ చెప్పిన టైమ్‌కి మీరే వెళ్లి మోటార్ వేయండి. కుదిరింది అనిపించాక రెండు ఆటోమేషన్లు. ఒకటి రోజూ తెల్లవారుజామున డే-ఎహెడ్ నడపడానికి, రెండోది ఐదు నిమిషాలకోసారి 'పబ్లిష్ డేటా' పిలవడానికి. ఈ రెండోది లేకపోతే ప్లాన్ ఎమ్‌హాస్ లోపలే ఉండిపోతుంది, హోమ్ అసిస్టెంట్‌కి చేరదు. చేరాక పీ డిఫరబుల్ 0, పీ డిఫరబుల్ 1 అని సెన్సార్లు వస్తాయి (లెక్క సున్నా నుంచి, మొదటి లోడ్ 0). పీ డిఫరబుల్ 0 విలువ వంద దాటితే మోటార్ ఆన్, తగ్గితే ఆఫ్.

మోటార్‌ని స్మార్ట్ ప్లగ్‌కి మాత్రం తగిలించకండి. స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంట్‌కి ప్లగ్ కాలిపోతుంది, పైగా బోర్ మోటార్‌కి కెపాసిటర్ ఉన్న ప్యానెల్ బోర్డు, ఆకుపచ్చ, ఎరుపు బటన్లు ఉంటాయి, ప్లగ్ వాటిని నొక్కలేదు. ట్రూప్ బజార్ నుంచి సరైన రేటింగ్ కాంటాక్టర్ (చిన్న కరెంట్‌తో పెద్ద లోడ్‌ని ఆన్, ఆఫ్ చేసే గట్టి స్విచ్) తెచ్చి ఎలక్ట్రీషియన్‌తో వేయించండి, వైఫై స్విచ్ ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి. డ్రై రన్ కట్ ఆఫ్ (బోర్‌లో నీళ్లు లేకపోతే మోటార్‌ని ఆపేది) ఉండాలి. ట్యాంక్‌లో ఫ్లోట్ స్విచ్ (నిండగానే మోటార్‌ని ఆపేది) ఉండాలి, ఇది అనుభవంతో చెప్తున్నాను. నేను మోటార్‌కి రోజుకు 2 గంటలు అని రాశాను, ట్యాంక్ నలభై నిమిషాల్లో నిండుతుందని నాకు గుర్తులేదు, ఎందుకంటే ఇన్నేళ్లూ చప్పుడు విని ఆపింది అత్తమ్మ. ఆ మధ్యాహ్నం ఆవిడ పడుకున్నారు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. గంటకు పైగా నీళ్లు డాబా మీంచి వీధిలోకి పోయాయి. ఎదురింటి ఆంటీ ఫోన్ చేసి, "మీ ఇంటి ముందు వాన పడుతోంది, మా ఇంటి ముందు పడట్లేదు" అన్నారు.

ఆపరేటింగ్ గంటలు ఇప్పుడు 1 పెట్టాను, ఎండాకాలం అరగంట చొప్పున రెండు సార్లు. మే వచ్చేసరికి మా బోర్ అరగంట పోసి ఆగిపోతుంది, కాసేపు ఊరనివ్వాలి. లెక్క కూడా అరగంట ముక్కల్లోనే నడుస్తుంది కాబట్టి 'ఒకే విడతలో' అనే టిక్ తీసేస్తే సరిపోయింది. మంజీరా నీళ్లు (కృష్ణా నీళ్లే, కానీ మా ఇంట్లో ఏ నీళ్లొచ్చినా మంజీరా నీళ్లే) సంప్‌లోకి వచ్చే రోజు దాని మోటార్ వేరే, దాన్ని ఇందులో కలపలేదు, ఆ నీళ్ల టైమ్ ఏ సాఫ్ట్‌వేర్‌కీ అందదు.

బ్యాటరీ ఉన్నవాళ్లు కెపాసిటీ, ఛార్జ్, డిశ్చార్జ్ పవర్ మీ బ్యాటరీవి వేయండి. కనీస ఛార్జ్ 30 శాతం అని ఉంటుంది. ఏప్రిల్, మేలో సాయంత్రం గాలి దుమ్ముతో వాన పడితే కరెంట్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఆ రెండు నెలలు 50 పెట్టుకుంటే ఫ్యాన్లు తెల్లారేదాకా తిరుగుతాయి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది నష్టమే, కానీ ఉక్కపోతకి రేటు వేసే గడి అందులో లేదు. బ్యాటరీకి డే-ఎహెడ్ ఒక్కటే చాలదు, రోజులో మళ్లీ మళ్లీ లెక్క వేసే ఎమ్‌పీసీ పద్ధతి వాడండి, ప్రతిసారీ ఇప్పటి ఛార్జ్ ఎంతుందో పంపాలి.

జులై, ఆగస్టుల్లో అంచనాలు తప్పుతాయి, మబ్బు ఏ గంటకి ఏ కాలనీ మీదికి వస్తుందో ఎవరికీ తెలియదు. అది కాకుండా ఎండ ఉన్న రోజు కూడా అంచనా కంటే బాగా తక్కువ వస్తుంటే సెట్టింగ్స్ మార్చే ముందు డాబా ఎక్కండి. మాకు ఒకసారి ప్యానెళ్ల కింద పావురాలు కాపురం పెట్టాయి, పైన రెట్టలు పడి ఒక వరుస మొత్తం దెబ్బతింది.

అప్‌డేట్ వచ్చిందని వెంటనే నొక్కకండి. వెర్షన్ మారినప్పుడు సెట్టింగ్‌ల పేర్లు మారిన సందర్భాలున్నాయి, రిలీజ్ నోట్స్ చదివి, బ్యాకప్ తీసుకుని అప్పుడు చేయండి. మోటార్ బోర్డు మీదున్న పాత బటన్లని పీకించకండి, మాన్యువల్‌గా వేస్తే ఆటోమేషన్ ఆ పూటకి తప్పుకునేలా ఒక టాగిల్ పెట్టుకోండి. మా ఇంట్లో దాని పేరు 'అత్తమ్మ మోడ్'. ఫ్లోట్ స్విచ్ పెట్టిన కొత్తలో వారానికి ఐదు రోజులు ఆన్‌లోనే ఉండేది, ఇప్పుడు శుక్రవారం తలస్నానాల రోజు మాత్రం పొద్దున 5:30కి ఆన్ అవుతుంది.